ముఖచిత్రం ఠాణాకెక్కిన రోజు

మీలో కొందరు పత్రికల అట్టలు తయారు చేసే పనిలో ఉన్నారు. కంప్యూటరు ముందు కూర్చుని హీరోయిన్ బొమ్మను ఇటు జరిపి, అటు జరిపి, రంగు నచ్చకపోతే రెప్పపాటులో మార్చేస్తారు. మీ పనిని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. నాకు అసూయగా ఉంది, అంతే. నేను చేసిన మొట్టమొదటి సినిమా పత్రిక అట్టకు ఎర్రరంగు వేసినందుకు మెదక్ ఠాణాలో చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆ సంగతి చెప్తాను. పేర్లు మాత్రం అడగొద్దు. వాళ్ళ మనవలు, మనవరాళ్ళు ఇక్కడిక్కడే తిరుగుతున్నారు.

మా ఇల్లు చర్చికి దగ్గర. నాన్న వడ్రంగి. బడి బల్లలు, చర్చి బెంచీలు చేసేవాడు. నాకు రంపం కంటే సన్న ఉలి నచ్చింది. బడిలో డ్రాయింగు చెప్పిన టీచరమ్మ చెక్క మీద బొమ్మ చెక్కి అచ్చు వేయడం నేర్పింది. ఆ విద్యతో బజారులోని ఒక చిన్న ప్రెస్సులో కుదిరాను. పెళ్ళి పత్రికలు, క్రిస్మస్ కార్డులు, బీడీకట్టల లేబుళ్ళు, ఇవే మా పని.

ప్రెస్సు యజమాని నాకంటే కొంచెం పెద్దవాడు. బట్టల దుకాణం వాళ్ళ అబ్బాయి. దుకాణంలో కూర్చోమంటే ప్రెస్సు పెట్టుకున్నాడు. సినిమా అంటే ప్రాణం. నిజాం కాలంలో తెలుగులో నాలుగు మాటలు అచ్చు వేయాలన్నా అనుమతుల కోసం కాళ్ళరిగేలా తిరగాలి. అందుకని కోరికను లోపలే అణుచుకున్నాడు. పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడాది ఒక పొద్దున వస్తూనే చొక్కా చేతులు పైకి మడిచి ప్రకటించాడు.

"ఇగ మనను అడిగెటోడు లేడు. సినిమా పత్రిక పెడుతున్నం. నెలకొకటి."

"మెదక్ నుంచా?" అన్నాను.

"ఏం? మెదకుల సినిమా చూస్తలేరా?"

ఆ రోజు నుంచి ఆయన్ని ఊరంతా 'ఎడిటర్ సాబ్' అనడం మొదలుపెట్టింది. సగం వేళాకోళం, సగం గౌరవం. ఆయన రెండో సగాన్నే తీసుకున్నాడు.

అడిగేవాడు లేడన్న మాట మాత్రం నిజం కాదు. నిజాం రాజ్యం పోయినా ఊళ్ళలో పోరాటం ఆగలేదు. కమ్యూనిస్టు దళాలు అడవిలోనే ఉన్నాయి. వాళ్ళ కోసం పోలీసులు లారీల్లో తిరుగుతున్నారు. ఎవరి ఇంట్లో ఎర్రగుడ్డ కనిపించినా పట్టుకుపోతున్నారని తూప్రాన్ వైపు నుంచి వచ్చేవాళ్ళు చెప్పుకునేవారు. అయినా మేము వయసులో ఉన్నాం. మా తలల్లో ఉన్నది సినిమా ఒక్కటే.

ఊరి బయట ఒక డేరా సినిమా ఉండేది. దాని యజమాని దగ్గర మద్రాసు నుంచి వచ్చిన పాత సినిమా పత్రికలు ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి. బతిమాలి తెచ్చుకుని ప్రెస్సులో తాడు కట్టి వేలాడదీశాం. వాటి ముందు నిలబడి రోజుల తరబడి చూశాం. నాకు అట్టల చదువు చెప్పింది ఆ తాడే.

అన్నిటికీ ఒకే పద్ధతి. అట్ట మీద తార ఉండాలి, హీరో కాదు. హీరోకి చోటు దొరికితే పండుగ సంచికలో, అదీ ఆమె పక్కన. పత్రిక పేరు పైనే ఉండాలి. ఎందుకంటే దుకాణంవాడు పత్రికలను మెట్లలా ఒకదాని మీద ఒకటి వేలాడదీస్తాడు, బయటికి కనిపించేది పై జానెడే. కుట్టు ఎడమపక్కన ఉంటుంది కాబట్టి తార ముఖం కుడివైపు తిరిగి ఉండాలి. ఎడమకు తిరిగిందంటే అలిగి గోడకు తిరిగి కూర్చున్నట్టుంటుంది. ముఖం ఎటు తిరిగినా కళ్ళు మాత్రం కొనేవాడినే చూడాలి. నుదుటి మీద అక్షరాలు పడకూడదు. ఇక పేరుకు రంగు ఎరుపు. దూరం నుంచి చూపును లాగడంలో దాన్ని మించింది లేదు.

పేరు ఎవరితో రాయించాలన్నది పెద్ద చర్చ అయింది. మా దగ్గర ఉన్న సీసం అక్షరాలు పెళ్ళి పత్రికలకు తప్ప పనికిరావు. అప్పుడు నాకు కాతిబు చాచా గుర్తొచ్చాడు. ఉర్దూ కాగితాలను అందమైన చేతిరాతతో రాసే పెద్దమనిషి ఆయన. రెల్లు కలం పట్టుకుంటే అక్షరం నీళ్ళలో చేపలా కదిలేది. పోలీస్ యాక్షన్ తరువాత చుట్టుపక్కల ఊళ్ళలో తమవాళ్ళకు ఏం జరిగిందో విని ఆయన తలుపు వేసుకున్నాడు. కచేరీలో ఉర్దూ పనీ తగ్గిపోయింది. బజారులో ఆయన్ని చూసి నెలలైంది.

నేనూ ఎడిటరూ వెళ్ళి తలుపు కొట్టాం. చాలాసేపటికి తెరిచాడు.

"చాచా, మా పత్రిక పేరు మీరే రాయాలె," అన్నాడు ఎడిటర్.

"తెలుగు మాట్లాడొస్తది గాని, నాకు రాయనీకి రాదు బేటా."

"రాయకుండ్రి. బొమ్మ లెక్క గీయుండ్రి."

నేను కాగితం మీద పేరు రాసి ఇచ్చాను. అందులో 'తార' అనే మాట ఉంది. ఆయన దాన్ని కిటికీ దగ్గరకు తీసుకుపోయి, తల వంచి, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"మీ అచ్చరాలు మస్తు గుండ్రగున్నయి. అన్ని బాసింపట్టు ఏసుకోని కూసున్నట్టున్నయి. జర లేపి నడిపిద్దాం."

అని నవ్వాడు. ఆ తలుపు తెరిచాక ఆయన ముఖంలో చూసిన మొదటి నవ్వు అది. 'తా' దీర్ఘాన్ని పైకి లాగి, అక్కడి నుంచి జారుడుబండలా దించాడు. దాని చివర ఒక నక్షత్రం ఉండాలని ఎడిటర్ పట్టుబట్టాడు. "తార అంటే చుక్కనే గద చాచా! చుక్క లేకుంటే ఎట్ల?" అన్నాడు. చాచా చుక్క కూడా గీశాడు. నేను దాన్నంతా చెక్క మీద చెక్కాను.

తార ఫోటో మద్రాసు నుంచి టపాలో వచ్చింది. అప్పటికింకా తయారవుతున్న సినిమాలో ఒక పాట బొమ్మ. వరిచేలో నిలబడి, తలకు రుమాలు చుట్టుకుని, కుడివైపు తిరిగి, మనవైపే చూస్తూ నవ్వుతోంది. పద్ధతి ప్రకారం అన్నీ కుదిరాయి. చేతిలో కొడవలి ఉంది. కోతల పాటలో చేతిలో కొడవలి కాక ఏముంటుంది?

అచ్చుకు లోహపు బ్లాకు చేయించడానికి హైదరాబాదు పంపేముందు ఫోటోకు మెరుగులు దిద్దడం నా పని. సన్న కుంచె, తెల్లరంగు, నల్లరంగు. అట్ట మీది ముఖానికి మచ్చ ఉండదు, ముడత ఉండదు. మద్రాసు పత్రికలు చూసి అదే నేర్చుకున్నాను. కనుబొమలు వంచాను. ముక్కు కొసను కొంచెం చెక్కాను. బుగ్గలు నింపాను. గడ్డం మీద పుట్టుమచ్చ తీసేశాను. ఎడిటర్ చూసి, "అబ్బ! గీమెను చూస్తే గామె గూడ కుళ్ళుకుంటది," అన్నాడు. ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను.

అట్టలు ముందే అచ్చు వేశాం, రంగు ఆరాలి కదా అని. ప్రెస్సు ముందు వరండా పొడుగునా తాళ్ళు కట్టి ఆరేశాం. గాలికి ఊగుతుంటే వీధి వీధంతా తారలు నవ్వుతున్నట్టుంది. మేమిద్దరం ఎదురుగా నిలబడి మురిసిపోతున్నాం. అప్పుడే ఒక పోలీసు లారీ మా ముందు నుంచి పోయింది. కొంచెం ముందుకు పోయి ఆగింది. వెనక్కి వచ్చింది.

ఇన్‌స్పెక్టరు దిగాడు. కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చిన మనిషి. మాట మెత్తగా, చూపు గట్టిగా ఉంటుంది. అట్టల మధ్య ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచాడు.

"ఎర్ర అక్షరాలు. చుక్క. కొడవలి. సుత్తి ఒక్కటే తక్కువైనట్టుంది," అన్నాడు.

ఎడిటర్ కంగారులో, "సుత్తి లేదు సార్! లోపటికొచ్చి తలాష్ చేసుకోండ్రి!" అన్నాడు.

ఒక కానిస్టేబులు లోపలికి వెళ్ళాడు. నేను ఉలి మీద కొట్టుకునే చెక్క సుత్తి పట్టుకుని బయటికి వచ్చాడు.

ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు. అంతకంటే చిన్న కారణానికి జైలుకు పోయినవాళ్ళు మా జిల్లాలోనే ఉన్నారు. మా అమ్మ చర్చి దాకా పరుగెత్తిందని తరువాత తెలిసింది. అట్టలన్నీ కట్టలు కట్టి లారీలో వేశారు. మమ్మల్ని కూడా వాటి మీదే కూర్చోబెట్టారు.

ఠాణాలో ఇన్‌స్పెక్టరు ఒక అట్టను బల్ల మీద పరిచాడు.

"లోపలి కాగితాలు ఏవి?"

"ఇంక అచ్చు కాలే సార్," అన్నాడు ఎడిటర్.

"అంటే పైన సినిమా అట్ట. లోపల మీ ఇష్టమొచ్చింది పెట్టుకోవచ్చు. బాగుంది. ఇంతకీ ఈమె ఎవరు?"

ఎడిటర్ తార పేరు చెప్పాడు. ఇన్‌స్పెక్టరు అట్టను ఎత్తి పట్టుకున్నాడు.

"ఆమె సినిమాలు నేను చూశానయ్యా. ఆమె ఇలా ఉండదు. ఈవిడ ఎవరో వేరే మనిషి. ఎవరో చెప్పండి. దళంలో మనిషా?"

ఎవరి ముక్కు చెక్కానో, ఎవరి మచ్చ తుడిచానో నాకు తెలుసు. కానీ చెప్పే ధైర్యం లేకపోయింది.

ఆయన చెడ్డవాడు కాదు. తేల్చుకోకుండా లాకప్పులో వేసే రకం కాదు. "మీ ఊరి డేరాలో ఇప్పుడు ఆడుతున్నది ఆమె సినిమాయే కదా? పదండి. అక్కడే తేలుద్దాం," అన్నాడు.

పొద్దు గుంకగానే మొదటి ఆట. మమ్మల్ని పోలీసులు నడిపించుకుంటూ లోపలికి తేగానే జనం సగం మంది లేచారు, పారిపోదామని. "ఎవరూ కదలొద్దు, సినిమా చూడండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. డేరా యజమాని పరుగున కుర్చీ తెచ్చాడు. ఆయన కూర్చోలేదు. తార పాట రాగానే తెర పక్కకు వెళ్ళి, అట్టను ఎత్తి పట్టుకుని, దాని మీద టార్చిలైటు వేశాడు.

"ఈమే, ఆమే ఒకరేనా? భయపడకుండా చెప్పండి!"

తెర మీద తార పాడుతూనే ఉంది. ఆఖరికి ఆడవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు లేచింది.

"గామెనే సారూ! పాపం పిల్లగాండ్లను ఇడిచిపెట్టుండ్రి!"

హమ్మయ్య అనుకున్నాను. అంతలో కుర్చీల వైపు నుంచి ఒకాయన, "యాడ గామె? గీమె ముక్కు జూడు, గామె ముక్కు జూడు!" అన్నాడు.

"ముక్కు గాదు, కండ్లు జూడుండ్రి!" అని నేల మీద కూర్చున్నవాళ్ళు.

"కండ్లేంది, గడ్డం మీద మచ్చ యాడ బాయె?" అని బెంచీలవాళ్ళు.

డేరా రెండుగా చీలింది. కుర్చీలవాళ్ళు కాదంటారు, నేలవాళ్ళు అవునంటారు, బెంచీలవాళ్ళు తమలో తామే కొట్టుకుంటున్నారు. పాట అయిపోయింది. ఇన్‌స్పెక్టరు మళ్ళీ వేయమన్నాడు. ఆపరేటరు రీలు వెనక్కి చుట్టి మళ్ళీ వేశాడు. జనం మళ్ళీ విడిపోయారు. ఇంకోసారి వేయించాడు. ఒకే టికెట్టుకు అంత మంచి పాట మళ్ళీ మళ్ళీ చూసే అదృష్టం మెదక్‌కు అంతకు ముందు రాలేదు. భయం ఎప్పుడో పోయింది. ఈలలు కూడా మొదలయ్యాయి. ఇన్‌స్పెక్టరు నుదురు పట్టుకున్నాడు.

తెర ముందు కూర్చున్న ఒక ముసలాయన లేచి చేతులు జోడించాడు. "సారూ, ఇంకొక్కపారి ఎయ్యమనుండ్రి. అప్పుడు పక్కాగ చెప్తం."

బయటికి వచ్చాక నాకు ధైర్యం వచ్చింది. "సార్, ఆమె ముక్కు నేను దిద్దిన," అన్నాను.

"ఎందుకు?"

"అట్ట మీద అట్లనే ఉండాలె సార్. అన్ని పత్రికలోళ్ళు గట్లనే చేస్తరు. అట్ట మీద ఉండేది ఆమె ముఖం గాదు, చూసెటోళ్ళు కోరుకునే ముఖం."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "రేపు పొద్దున నీ సామాను పట్టుకుని ఠాణాకు రా," అన్నాడు. మా ఇద్దరినీ ఇంటికి పంపించి, గుమ్మం దగ్గర ఒక్కో కానిస్టేబులును కాపలా పెట్టాడు. మా ఇంటికి వచ్చినవాడికి అమ్మ అన్నం పెట్టింది. తింటూ తింటూ, "ముక్కు నిజంగనే దిద్దినవా?" అని అడిగాడు.

పొద్దున్నే కుంచెలు, రంగులు పట్టుకుని ఎడిటర్‌తో కలిసి వెళ్ళాను. ఇన్‌స్పెక్టరు సొరుగులోంచి ఒక ఫోటో తీశాడు. ఆయనదే. ఉద్యోగంలో చేరేటప్పుడు తీయించుకున్నది కాబోలు, కొయ్యలా బిగుసుకుని ఉన్నాడు.

"దీన్ని అట్ట చెయ్యి. చూస్తాను."

ఎడిటర్ మూలకు కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. నేను ఫోటోను పెద్ద అట్టముక్క మీద అతికించి, పని మొదలుపెట్టాను. కళ్ళ కింది సంచులు తీసేశాను. బుగ్గల మీద స్ఫోటకపు గుంటలు పూడ్చాను. ఎడమ బుగ్గకు నీడ వేస్తే ముఖం కుడివైపు తిరిగినట్టయింది. కంట్లో చిన్న తెల్ల చుక్క పెట్టగానే చూపు ఎదుటివాడి మీదికి వచ్చింది. మీసం కొసలు పైకి లేపాను.

నేను దిద్దుతుంటే ఆయన అడిగాడు. "పేరు చెక్కింది నువ్వు. రాసింది ఎవరు?"

నేనూ ఎడిటరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. చాచా పేరు ఠాణాలో ఎత్తడం ఇద్దరికీ ఇష్టం లేదు. "నేనే సార్," అని ఇద్దరం ఒకేసారి అన్నాం.

"నేను రాసిన సాబ్," అని గుమ్మంలోంచి ఇంకో గొంతు.

కాతిబు చాచా. ఉతికిన షేర్వాణీ, టోపీ, చేతిలో కలంపెట్టె. సంగతి తెలిసి, నెలల తరువాత ఇల్లు దాటి, బజారు మధ్య నుంచి ఒక్కడే నడిచి వచ్చాడు. గొంతు వణుకుతోంది కానీ మాట ఆగలేదు.

"రాత నాది. పిల్లలను పరేషాన్ చేయకుండ్రి."

ఇన్‌స్పెక్టరు లేచి ఆయనకు కుర్చీ చూపించాడు. "మీకు తెలుగు చదవడం వచ్చా?"

"రాదు సాబ్. రూపం జూసి గీస్త."

"అయితే నా పేరు గీయండి," అని కాగితం మీద తన పేరు రాసిచ్చాడు.

నేను పని పూర్తి చేసి అట్టముక్కను చాచా వైపు జరిపాను. ఆయన కలం ముంచి, ఊపిరి బిగపట్టి, ఫోటో పైన ఎర్రసిరాతో ఆ పేరు రాశాడు. వణికిన గొంతు వేరు, ఆ చెయ్యి వేరు. అక్షరాలు లేచి నడిచాయి.

ఇన్‌స్పెక్టరు అట్టముక్కను దగ్గరికి లాక్కున్నాడు. తన బుగ్గ తడుముకున్నాడు. పేరును అరచేత్తో కప్పి, బయట ఉన్న కానిస్టేబులును పిలిచి ముఖం మాత్రం చూపించాడు.

"ఇదెవరో చెప్పు."

కానిస్టేబులు వంగి చూసి, చటుక్కున నిటారుగా నిలబడ్డాడు. "ఎవరో పెద్దాఫీసరు సార్. హైదరాబాదు నుంచి వస్తున్నరా సార్?"

ఇన్‌స్పెక్టరు నవ్వడం మొదలుపెట్టాడు. కుర్చీ కిర్రుమంది. కానిస్టేబులుకు ఏమీ అర్థం కాక సెల్యూట్ కొట్టాడు. అది చూసి ఎడిటర్ నవ్వాడు, నేను నవ్వాను. చాచా రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వు ఆగాక ఇన్‌స్పెక్టరు అట్టముక్కను మళ్ళీ తన ముందుకు లాక్కుని, పేరు చివర వేలు పెట్టి, చాచాను కొంచెం సిగ్గుగా అడిగాడు.

"మరి చుక్క పెట్టలేదేం?"

చాచా చుక్క పెట్టాడు.

అట్టల కట్టలు, నా చెక్క సుత్తి తిరిగి ఇచ్చారు. "వచ్చే నెల ఆవిడ చేతికి ఏ పువ్వో ఇవ్వండయ్యా, మా పై అధికారులు సినిమాలు చూడరు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. తరువాత వారం రోజులు ఒక్కొక్క కానిస్టేబులే తన ఫోటో పట్టుకుని ప్రెస్సుకు వచ్చాడు. అందరికీ అదే మీసం కావాలి.

ఆ పొద్దున మేము ముగ్గురం బజారు మీదుగానే నడిచి వచ్చాం. చాచాను చూసి చాయ్ దుకాణంవాడు బల్ల తుడిచాడు. "ఎన్నొద్దులాయె చాచా, రాండ్రి, కూసోండ్రి," అన్నాడు. ఆయన కూర్చున్నాడు. మరునాటి నుంచి పొద్దున్నే ప్రెస్సుకు రావడం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళకు తెలుగు చదవడం కూడా నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక రాత కొంచెం పాడైందని నేనంటే కలంతో కొట్టబోయేవాడు.

లోపలి కాగితాలు అచ్చయ్యాయి. ఎడిటర్ రాత్రింబగళ్ళు రాసినవే అన్నీ. సంపాదకీయం, రెండు సమీక్షలు, మారుపేరుతో ఒక పద్యం, ఇంకో మారుపేరుతో ఆ పద్యాన్ని మెచ్చుకుంటూ ఒక జాబు. కట్టలు బస్సెక్కి తూప్రాన్ పోయాయి, టేక్మాల్ పోయాయి. మెదక్ బజారులో కిరాణా దుకాణం ముందు తాడుకు మా పత్రిక వేలాడింది. నేనూ ఎడిటరూ రోడ్డుకు అవతల నిలబడ్డాం. ఎరుపు అక్కడిదాకా కనిపిస్తోంది.

ఒక మనిషి వచ్చాడు. బీడీకట్ట కొన్నాడు. అట్ట వైపు చూశాడు, వెళ్ళిపోయాడు. నాలుగు అడుగులు వేసి ఆగాడు. వెనక్కి వచ్చి కొన్నాడు. ఎడిటర్ నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకున్నాడు. మా మొదటి పాఠకుడు!

ఆ మనిషి అక్కడే నిలబడి, గోటితో కుట్టు పిన్నులు మెల్లగా ఊడదీశాడు. అట్టను చిరగకుండా విడదీసి, నలగకుండా చుట్టి చంకలో పెట్టుకున్నాడు. మిగిలిన కాగితాలన్నీ దుకాణంవాడికి ఇచ్చేశాడు.

"గివి నువ్వే ఉంచుకో సేటు. పొట్లాలకు పనికొస్తయి."

ఎడిటర్ కొయ్యబారిపోయాడు. నాకు లోపలి నుంచి నవ్వు తన్నుకొస్తోంది. ఆయన ముఖం చూస్తే ఆపుకోలేనని గబుక్కున చర్చి గోపురం వైపు తిరిగి, పెదవులు బిగపట్టుకుని నిలబడ్డాను. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి. నేను ఏడుస్తున్నాననుకుని, పాపం, ఆయనే నా వీపు నిమిరాడు.

"ఊకో, ఊకో. వచ్చే నెల లోపటిది గూడ మంచిగ రాస్త తియ్యి."